పోతయినుమునకు రెండవ కాక

గత సంవత్సరము వేసవికి ముందు మా పాఠశాల దొడ్డిలోని పాత చేతిపంపు విరిగినది. పిడిని పట్టియుంచు పోతయినుప చెవి పిల్లల బలమునకు ఓర్వలేక రెండు తునుకలైనది. నీళ్లకు కఱవైన దినములు. దేవరకొండ ప్రాంతము నెఱిగినవారికి ఆ మాట విప్పి చెప్పనక్కరలేదు. ఆ తునుకలను బజారులోని కమ్మరి కొలిమికి కొనిపోయితిమి. ఆ వృద్ధుడు వానిని చేతబట్టి, విరిగిన మొగమును వెలుతురునకు త్రిప్పి చూచి, మరల మా చేతిలోనే పెట్టెను. "ఇది పోతది సారూ. కాల్చి కొడితె సాగది, పలుగుతది. అతుకువెట్టినా నిలువది. కొత్తది తెచ్చుకోండ్రి" అని తన పనిలో మునిగెను.

ఆయన మనుమడు మా తొమ్మిదవ తరగతిలో చదువుచున్నాడు. మఱునాడు పాఠము ముగిసిన పిమ్మట వాడు లేచి, "సార్, మా తాత కొట్టే కర్రు ఇనుమే, ఈ పంపు ఇనుమే. కర్రు సాగుతది, ఇది పలుగుతది. ఎందుకు సార్?" అని యడిగెను.

మేము సంస్కృతమును ఇంగ్లీషును చదివినవారము. ఇనుమునకు నిఘంటువులలోనున్న పర్యాయపదములను వల్లింపగలము. వాడడిగినదానికి మాత్రము మాయొద్ద జవాబు లేదు. తరువాత చెప్పెదమని తప్పించుకొంటిమి. ఆ 'తరువాత' కొన్ని నెలలైనది. ఆ నెలలలో చదివినదియు, కన్నులార చూచినదియు ఇచట వ్రాయుచున్నాము. ఇది కొలిమి విద్యను గూర్చిన వ్యాసము; వ్రాయువారము ఏనాడును సమ్మెట పట్టినవారము కాము. ఈ లోపమును చదువరులు మొదటనే గుర్తుంచుకొందురు గాక.

ఇనుములోని భేదము చాలవఱకు బొగ్గు వలన వచ్చినది. మన పల్లెలలో పూర్వము ముద్ద కమ్మరులు మట్టి కొలిమిలో ఇనుపరాతిని బొగ్గులతో కలిపి తిత్తులతో ఊదునప్పుడు ఇనుము కరగెడిది కాదు. శుద్ధమైన ఇనుము కరగుటకు 1538 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలయును. ఆ తిత్తులకు అంత శక్తి లేదు. మెత్తని ముద్దయై అడుగున దిగినదానిని వెలికి దీసి, సమ్మెటలతో మోది, చిట్టెమును పిండివేసినచో సాగెడి ఇనుము దొరకెడిది. పొడవైన కొలిమిలో బలమైన గాలి నూదినచో వేఱొకటి జరుగును. వేడిలోనున్న ఇనుము బొగ్గును తనలోనికి త్రాగును. నూటికి నాలుగు పాళ్లు త్రాగిన ఇనుము 1150 డిగ్రీల చుట్టుపట్లనే నీరై ప్రవహించును. దానిని అచ్చులో పోసినదే పోతయినుము. పోయుటకు ఎంత సులువో, దెబ్బకు అంత పెళుసు. మన వంటయింటి పోత దోసెపెనము చేజారి బండమీద పడిన రెండు చెక్కలగుటయు, రేకుపెనము సొట్టపడి ఊరకుండుటయు ఇల్లాండ్రెఱుగనిది కాదు.

ఆ పెళుసుదనము రెండు విధములు. పోత త్వరగా చల్లారినచో బొగ్గు ఇనుముతో కూడి గాజువంటి కఠినమైన సమ్మేళనమగును. విరిగిన మొగము తెల్లగా మెఱయును. మెల్లగా చల్లారి, తగినంత సిలికాను కూడ నున్నచో, బొగ్గు విడివడి గ్రాఫైటు రేకులుగా ఇనుము నడుమ పఱచుకొనును. విరిగిన మొగము బూడిదరంగుగా నుండును. ఒక్కొక్క రేకును లోపల దాగిన యొక బీట యనుకొనవలెను. దెబ్బ తగిలినప్పుడు ఒక బీటనుండి మఱియొక బీటకు విఱుపు పరుగెత్తును. మా కమ్మరి తాత వెలుతురునకు త్రిప్పి చూచినది ఈ మొగమునే. సూక్ష్మదర్శిని లేకయే ఆయన దాని జాతిని చెప్పినాడు.

మన పూర్వులకీ భేదము తెలియదా యని సంస్కృతము వైపు చూచితిమి. రసరత్నసముచ్చయమను రసశాస్త్ర గ్రంథము ఇనుమును ముండము, తీక్ష్ణము, కాంతము అని మూడు జాతులుగ విభజించును. ముండములో మరల మృదువు, కుంఠము, కడారము అని మూడు. దెబ్బకు సాగక పగిలి, విరిగినచోట నల్లగా కనబడునది కడారము. చక్కని పరిశీలన! ఎవడో యొక కమ్మరి సమ్మెటతో కొట్టి చూపనిదే ఈ లక్షణము గ్రంథమునకెక్కి యుండదు. కాని గ్రంథకర్త దృష్టి భస్మము మీద, ఔషధము మీద. నాగటి కర్రు మీద కాదు. కడారమును గుర్తించినవాని చేతిలో తాళపత్రమున్నది. కడారమును చక్కజేయ జూచినవాని చేతిలో పట్టకారున్నది. ఈ రెండు చేతులును ఒక్క మనిషికి లేకపోవుటయే మన కథలోని కష్టము.

ఇనుము మా సీమకు క్రొత్తది కాదు. పూర్వము మా దేవరకొండ తాలూకాలోనిదై, కృష్ణ యొడ్డున నుండిన ఏలేశ్వరము నేడు నాగార్జునసాగరపు నీటి క్రింద నున్నది. ముంపునకు ముందు అచట పురావస్తు శాఖవారు త్రవ్వకములు జరిపిరి. అబ్దుల్ వహీద్ ఖాన్ గారు 1963లో ఆ వివరములను గ్రంథముగా ప్రకటించిరి. బృహచ్ఛిలా సమాధులలో చచ్చినవారి ప్రక్కన ఇనుప పనిముట్లనుంచుట ఈ దక్షిణ దేశమున వేల యేండ్లనాటి యాచారము. పదునాలుగవ శతాబ్దిలో పద్మనాయకులు మా కొండలపై కోట కట్టిరి. ఆ దొరల పేర్లు శాసనములలో నున్నవి. వారి కత్తులను కాచినవారి పేర్లు లేవు.

పేరు లేని ఆ విద్యను ఒక్కసారి మాత్రము కన్నులయెదుట చూచి వ్రాసిపెట్టినవాడొకడున్నాడు. అతడు మనవాడు కాడు. హెన్రీ వెస్లీ వాయ్‌సే యను ఆంగ్ల వైద్యుడు, మహా త్రికోణమితి సర్వేలో భూగర్భశాస్త్రజ్ఞుడుగా తెలంగాణమంతయు తిరిగినవాడు. అతడు 1824లో కాలధర్మము నొందెను. అతని వ్రాతలనుండి 1832లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో దక్షిణ హిందూస్థానపు ఉక్కు తయారీని గూర్చిన వర్ణన వెలువడెను. అందులోని గ్రామము మా దేవరకొండకు చాల ఉత్తరమున, నిజామాబాదు జిల్లాలోనున్న కోనసముద్రము. సమీపమున కమ్మర్‌పల్లి యను ఊరున్నది; పేరే వృత్తిని చెప్పుచున్నది.

అచటి పద్ధతి వినదగినది. రెండు తావుల ఇనుములను, ఒకటి మూడు పాళ్లు, మఱియొకటి రెండు పాళ్లుగా తూచి, మట్టి మూసలలో పెట్టి, కొలిమిలో ఒక దివారాత్రము కాచెడివారు. మూసలు చల్లారిన పిదప పగులగొట్టినచో సుమారు ఒకటిన్నర పౌను తూగు ఉక్కుబిళ్లలు వచ్చెడివి. లోకమంతయు ప్రశంసించినది ఈ భాగమునే. ఖండాంతరముల పండితులు మూసలను గూర్చి, మట్టిని గూర్చి, అందులోని ఊకను గూర్చి పుస్తకములు వ్రాసిరి. మమ్ము నిలువరించినది తరువాతి రెండు మూడు వాక్యములు. అప్పుడు వెలికివచ్చిన బిళ్ల మిక్కిలి కఠినము. సమ్మెట క్రింద పెట్టుటకు పనికిరాదు. అందుచే ఆ బిళ్లలకు మట్టి పూసి, మరల కొలిమిలో 12 మొదలు 16 గంటలవఱకు కాచి, తీసి చల్లార్చి, మరల కాచి, ఇట్లు మూడు నాలుగు పర్యాయములు చేసి, సాగదగినంత మెత్తనైన పిమ్మటనే పని ముగించెడివారట.

ఇదియే రెండవ కాక. కరగించుట కాదు, కరగుటకు చాలని వేడిలో చాలసేపు ఉంచుట. బయట చూచువానికి ఏమియు జరుగుచున్నట్లుండదు. లోపల మాత్రము గట్టి సమ్మేళనముగా అల్లుకొనిన బొగ్గు మెల్లమెల్లగా తెగి, గుండ్రబడి, చోటు మార్చుకొనును. పైపొరలోనిది కొంత బయటికి పోవును. మట్టిపూత గాలిని అడ్డగించి ఇనుమును పొక్కిపోనీయదు. కోనసముద్రపు ఉక్కు పోతయినుము కాదు. అందులోని బొగ్గు నూటికి ఒకటిన్నర ప్రాంతము, పోతయినుములోని దానికి సగము కంటె తక్కువ. ఈ రెంటిని ఒకటిగ చెప్పి గర్వించుట మాకిష్టము లేదు. కాని రోగమొక్కటే, గట్టిబడిన బొగ్గు. చికిత్సయు ఒక్కటే, ఓపికతో కాచి ఆర్చుట.

ఆ బిళ్లలు పోయినచోటు పారసీకము. పదునేడవ శతాబ్దిలోనే తావెర్నియే యను ఫ్రెంచి వర్తకుడు గోలకొండ రాజ్యపు ఉక్కు పారసీకమునకు పోవుటను పేర్కొనెను. వాయ్‌సే వచ్చునప్పటికి ఇస్ఫహాను వర్తకుడొకడు కోనసముద్రముననే యుండి సరకు కొనుచుండెను. తమ దేశమున ఈ ఉక్కును చేయబూని విఫలులమైతిమని అతడు చెప్పెనట. ఒక మారుమూల తెలుగు పల్లెలో చదువురాని కమ్మరి ముంగిట ఇస్ఫహాను వర్తకుడు కూర్చుండిన దృశ్యమును మేము మా విద్యార్థులకు చెప్పినప్పుడు వారు నమ్మలేదు.

ఇప్పుడు ఫ్రాన్సుకు పోవుదము. 1722లో పారిస్ శాస్త్ర పరిషత్తు సభ్యుడైన రెయోమూర్ ఒక గ్రంథము ప్రకటించెను. అందులో సగము మెత్తని ఇనుమును ఉక్కుగ మార్చుటను గూర్చి. తక్కినది పోతయినుమును మెత్తబఱచుటను గూర్చి. తెల్లని పోతవస్తువులను ఎముకల భస్మము మొదలగు పొడులలో పూడ్చి, మూతవేసి, దినముల తరబడి కాచి, మెల్లగా ఆర్చినచో ఆకురాయికి లొంగునవియై, కొంత వంగునవియై వచ్చునని అతడు ప్రయోగములు చేసి, కాలమును, రంగును, విఱిగిన మొగపు తీరును వరుసగా వ్రాసెను. ఇట్టి రహస్యములను బయటపెట్టవచ్చునా యని అడిగినవారికి, విద్య లోకమునకు చెందవలసినదని గ్రంథములోనే సమాధానము చెప్పెను. రాజప్రతినిధి అతనికి 12,000 లివర్ల వార్షిక భృతి నొసగగా, దానిని పరిషత్తునకు చేర్చుమని కోరెను.

నిజము చెప్పవలెనన్న, రెయోమూర్ మొదటివాడు కాడు. చీనాదేశపు లోయాంగు వద్ద దొరికిన క్రీ.పూ. 5వ శతాబ్దినాటి పోతపనిముట్లు అప్పటికే ఇట్లు కాచి మెత్తబఱచినవని పరీక్షలలో తేలినది. అయినను నేటి పరిశ్రమ వంశవృక్షము రెయోమూర్ పుస్తకమునుండి పెరిగినది. 1826లో అమెరికాలోని న్యూఆర్కు పట్టణమున సేత్ బాయ్‌డెను అను నతడు ఐరోపావారి పద్ధతిని అనుకరింపబోయి, తన ఇనుములో బొగ్గు బయటికి పోవుటకు బదులు లోపలనే ముద్దముద్దలుగ చేరుట చూచెను. విరిగిన మొగము నల్లనైనను ఇనుము మునుపటికంటె మేలైనది. పుస్తకమున్నచోట పొరపాటు కూడ వృథా పోదు; దానిని కొలుచుటకు పూర్వపు లెక్క యుండును. కోనసముద్రమున పొరపాటు జరిగినప్పుడు తండ్రి కొడుకును కసరియుండును, అంతియ.

కమ్మరి విద్యను దాచుకొనెనని నిందించువారున్నారు. మేమట్లనజాలము. దాచుకొనకపోయిన వానికి కూడేది? పైగా అక్షరము నేర్పినవారెవరు? అక్షరము మా వంటివారి యిండ్లలో నుండెను. నిప్పు వారి యిండ్లలో నుండెను. నడుమ గడప దాటుటకు వీలులేని యాచారముండెను. దీనికి సాటిగ ఒక లండను కథ చెప్పుదుము. మైకేల్ ఫారడే తండ్రి కమ్మరి. కొడుకు పుస్తకములకు అట్టలు కట్టు పనిలో చేరి, కట్టుచున్న పుస్తకములనే చదివి, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పరిచారకుడుగ ప్రవేశించెను. 1819లో అతడు విశ్లేషించిన లోహమేది? మన దేశమునుండి పోయిన ఉక్కే! 'వూట్జు' అని వారు పిలిచినది 'ఉక్కు' శబ్దపు వికారమని పండితులు చాలమంది తలంతురు. స్టోడార్టు అను కత్తుల పనివానితో కలిసి 1820లోను 1822లోను ఉక్కు మిశ్రమములను గూర్చి ఫారడే వ్యాసములు ప్రకటించెను. లండను కమ్మరి కొడుకు తెలుగు కమ్మరి ఉక్కును గూర్చి వ్రాసెను. తెలుగు కమ్మరి కొడుకునకు ఆనాడు బడిలో అడుగిడు దారి లేదు.

తరువాతి కథ త్వరగా ముగియును. సీమనుండి చౌక ఇనుము వచ్చెను; అడవులు ఆంక్షల పాలై బొగ్గు ప్రియమయ్యెను; కత్తుల వాడుక తగ్గెను; 1856లో బెస్సిమరు ఉక్కును టన్నులలెక్కన చేయు మార్గము కనిపెట్టెను. కోనసముద్రపు కొలుములు ఆరిపోయెను. 2010లో ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారును బెంగుళూరు జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారును ఉత్తర తెలంగాణ గ్రామములలో తిరిగి మిగిలిన చిట్టెపు దిబ్బలను, మూస పెంకులను లెక్కకు ఎక్కించిరి. కమ్మరి యేమి చేసెనో నేడు ఆ పెంకులను కోసి తెలిసికొనవలసి వచ్చినది.

మా విద్యార్థి ప్రశ్నలో ఇంకొక సగము మిగిలియున్నది. కాచి ఆర్చినంతమాత్రమున ఏ పోతయినుమైనను మెత్తబడునా? తెల్లనిదైనచో పడును. బూడిదరంగుదానిలో పడవలసినంత పడదు. గ్రాఫైటు రేకులు ఒకసారి ఏర్పడిన పిమ్మట కరగించినగాని వాని ఆకారము మారదు. పుట్టునప్పుడే రేకు కాకుండ చేయవలెను. ఈ యుపాయము 1943లో కీత్ మిల్లిస్ అను అమెరికా శాస్త్రజ్ఞునికి తట్టెను. కరిగిన ఇనుములో కొద్దిగ మెగ్నీషియము కలిపి చూడగా గ్రాఫైటు రేకులుగ గాక చిన్న చిన్న గోళములుగ ఏర్పడెను. మెగ్నీషియము 1090 డిగ్రీల ప్రాంతముననే మఱిగి ఆవిరియగును గనుక, అంతకంటె వేడియైన ఇనుములో వేసిన తోడనే భగ్గున మండి చిందులు త్రొక్కును. కట్టకడపట ఇనుములో నిలుచునది నూటికి 0.04 పాళ్ల చుట్టుపట్ల మాత్రమే. ఆ కొంచెము చాలును. ఇంగ్లండులో మారో యను నతడు సీరియము అను మఱియొక ధాతువుతో ఇట్టి ఫలమునే పొందెను. 1948లో ఫిలడెల్ఫియాలో జరిగిన పోతపనివారి మహాసభలో ఈ రెండు వార్తలును కలిసి వెలువడెను.

గోళము వచ్చిన పిమ్మట రెండవ కాకకు సార్థకత వచ్చినది. 900 డిగ్రీల చుట్టు కొన్ని గంటలుంచి మిగిలిన గట్టి సమ్మేళనమును విడగొట్టి, 700 ప్రాంతమున మరల నిలిపి మెల్లగా ఆర్చినచో వంగెడి ఇనుము. అదే వేడినుండి తీసి గాలిలో ఆర్చినచో బలమైనది. అదే వేడినుండి 250-400 డిగ్రీల కరిగిన లవణపు తొట్టిలోనికి చటుక్కున దించి కొంతసేపు ఉంచినచో బలమును ఓర్పును కలిసినది. 1970 తరువాతి దశాబ్దమున పరిశ్రమలకెక్కిన ఈ పద్ధతితో బండ్ల పండ్లచక్రములు చేయుచున్నారు. ఒకే పోత, మూడు ఆర్పులు, మూడు స్వభావములు. మా కమ్మరి తాత పదును పెట్టునప్పుడు కొడవలిని ఒకమారు నీటిలో, ఒకమారు గాలిలో, ఒకమారు ఇసుకలో ఆర్చుటకు కారణమిదియే.

ఈ మెగ్నీషియపు పోతయినుము మన ఇండ్లకు రాలేదనుకొనరాదు. శ్రీకాళహస్తి చెంత రాచగున్నేరిలో దీనితో నీటిగొట్టములు పోయుచున్నారు. గిఱ్ఱున తిరుగు అచ్చులో పోసిన గొట్టము త్వరగా చల్లారి గట్టిపడును. దానిని వెంటనే పొడవైన కొలిమిగుండ దొర్లించి, కాచి, క్రమముగ ఆర్చి మెత్తబఱతురు. రెండవ కాక లేక ఆ గొట్టము బండి కుదుపునకే పగులును. మాకు దాపుననున్న మర్రిగూడ ప్రాంతమున బావినీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు వంగిన తరములు గడచినవి. వారికి నదీజలము రావలెనన్న గొట్టము పగులరాదు. 2015లో చౌటుప్పలున శంకుస్థాపన జరిగిన మిషన్ భగీరథ వంటి పథకములలో వేసిన గొట్టములలో ఈ జాతివియు కలవు. పారసీకుని కత్తికంటె ఈ గొట్టము మాకు గొప్పదిగ తోచుచున్నది.

ఇదంతయు మా విద్యార్థికి చెప్పితిమి. వాడు విని, "మన పంపు చెవి ఏ జాతిది సార్?" అనెను. బూడిదజాతిదని తాత చూపిన మొగమే చెప్పుచున్నది. అయినను కాచి చూతమనెను. తునుకలలో ఒకదానికి మట్టి పూసి, కుమ్మరివారిని బతిమాలి వారి ఆవములో కుండల నడుమ నుంచితిమి. రెండు దినములకు ఆవము ఆరినది. తాత దానిని ఆకురాయితో రుద్ది చూచి, మునుపటికంటె మెత్తనైనదని ఒప్పుకొనెను. దాకలిపై నుంచి సుత్తెతో కొట్టగా మాత్రము రెండవ దెబ్బకు విరిగినది.

బాలుడు నోటుపుస్తకములో తేదీ వేసి, కాచిన దినములు, మట్టిపూత మందము, ఆకురాయికి లొంగిన తీరు, ఎన్నవ దెబ్బకు విరిగినది వ్రాసెను. విరిగిన మొగపు రంగు వ్రాయుటకు మాట తోచక తాత నడిగెను. ఆయన కన్ను చికిలించి చూచి, "పావురం రెక్క లెక్కున్నది" అనెను. అదియే వ్రాసికొనినాడు.